మా బావ రాసిచ్చిన హైదరాబాదు

ఆత్మకూరులో హైదరాబాదు పోదామనుకున్నవాళ్ళు రెండు పనులు చేస్తారు. ఒకటి బస్సులో సీటు చూసుకోవడం, రెండోది మా బావ డేవిడ్‌రాజు ఇంటికి వెళ్ళి చీటీ రాయించుకోవడం. రెండోదే ముందు చేసేవాళ్ళూ ఉన్నారు. పదకొండేళ్ళపాటు హైదరాబాదు నైటు బస్సు తోలిన డ్రైవరు కాబట్టి ఆ ఊరు ఆయనకి కొట్టిన పిండి అని చుట్టుపక్కల అందరి నమ్మకం. నాకూ ఆ నమ్మకం ఉండేది. బావమరిదిని కాబట్టి పైకి ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ చీటీ ఊరికే రాసిచ్చేది కాదు. వచ్చినవాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి, డాక్టరు అడిగినట్టు అన్నీ అడిగేవాడు. ఎన్ని రోజులుంటారు, వెంట ముసలివాళ్ళున్నారా, చంటిపిల్లలున్నారా, మోకాళ్ళు ఎట్టా ఉన్నాయి, కాళ్ళకున్న చెప్పులు కొత్తవా పాతవా. అంతా విని పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక తెల్లవైపు రాసేవాడు. శుక్రవారం సాలార్‌జంగు మ్యూజియం మూసేస్తారు కాబట్టి ఆ రోజు జూకి పొమ్మనేవాడు. జూకి పొద్దున్నే పోవాలని, ఎండెక్కితే పులి కూడా నీడ చూసుకుని పడుకుంటుందని హెచ్చరించేవాడు. కొత్త చెప్పులు కనబడితే గోల్కొండని రెండోరోజుకి జరిపేవాడు.

మర్రిపాడు నుంచి కామయ్య అని గొర్రెలు కాసే ఆయన ఒకసారి మేనల్లుడి పెళ్ళికి పోతూ చీటీ కోసం వచ్చాడు. బావ ఆయన కాళ్ళవైపు చూసి గోల్కొండ మొత్తానికే కొట్టేశాడు. రోజూ ఎక్కి దిగేవాడివి, అక్కడ కూడా ఎందుకు ఎక్కడం, హుస్సేన్‌సాగర్‌లో బోటెక్కి హాయిగా కూర్చోమని రాసిచ్చాడు. కామయ్య తిరిగొచ్చి, పుట్టి బుద్ధెరిగాక పట్టపగలు అరగంటసేపు దేని వెనకా పరిగెత్తకుండా కూర్చున్నది ఆ బోటులోనే అని చెప్పి, సీసాడు మేకపాలు ఇచ్చి పోయాడు. అట్లాంటి చీటీలు అవి. అందరికీ ఒకటే మందు ఇచ్చే రకం కాదు మా బావ.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు శీనయ్య, ఉదయగిరి హైస్కూల్లో సోషలు చెబుతాను. చార్మినారు ఎవరు కట్టించారో, ఏ సంవత్సరంలో కట్టించారో ఇరవై రెండేళ్ళుగా పిల్లలచేత అప్పజెప్పించుకుంటున్నాను. దాన్ని కళ్ళతో చూసింది మాత్రం లేదు. చిన్నప్పుడు హైదరాబాదు ఒకే ఒక్కసారి పరీక్ష రాయడానికి పోయి, పరీక్ష హాలూ మెస్సులో సాంబారూ చూసి తిరిగొచ్చాను. ఇది ముందే ఒప్పేసుకుంటున్నాను. తర్వాత నేను బావని ఎగతాళి చేస్తుంటే మీరు నన్ను నిలదీయకూడదు.

ఇక మా అక్క రెబెకమ్మ. చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రెటరీ. బావ పేరు ఊళ్ళో ఇంతగా మోగడానికి సగం కారణం ఆమే. ఎవరింట్లో హైదరాబాదు మాట వినబడినా, "మా ఆయన్ని అడగండి, వీధి వీధీ చెప్తాడు" అని హామీ ఇచ్చి పంపేది. వాళ్ళు తిరిగొచ్చి మెచ్చుకుంటుంటే అక్క ముఖం చూసి తీరాలి. ఇంతమందిని పంపిన మనిషి తను మాత్రం కనిగిరి దాటి ఎరగదు. రిటైరయ్యాక తీరిగ్గా తీసుకుపోయి అంతా చూపిస్తానని బావ మాటిచ్చాడు. ఆయన రిటైరయ్యాడు. దండ వేశారు, శాలువా కప్పారు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ అక్క అడిగింది, ఇంక ఎప్పుడు అని.

ఊళ్ళోవాళ్ళకి పది నిమిషాల్లో రాసే చీటీ పెళ్ళానికి రాయడానికి ఆయనకి మూడు వారాలు పట్టింది. రాసినవన్నీ అక్క తిప్పికొట్టింది. కోటలొద్దంది. ఉదయగిరి కొండ కింద పుట్టి, సీతాఫలాలకీ కట్టెలకీ ఆ కోట గోడలు ఎక్కి దిగి పెరిగినదాన్ని, రాళ్ళు చూడ్డానికి అంత దూరం దేనికంది. జూ వద్దంది. మ్యూజియంలో గడియారం చూడ్డానికి అంతమంది మధ్య నిలబడలేనంది. ఆఖరికి ఒకరోజు తేల్చి చెప్పింది.

"ఈ చీటీలన్నీ ఊరోళ్ళకి. మీరు ఇన్నేళ్ళు తిరిగినారు గదా, మీకు ఆ ఊర్లో ఏది బాగా నచ్చిందో అది చూపియ్యండి. నాకు అదే చాలు."

ఆ ఒక్క మాటతో బావ పని అయిపోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం మోపెడ్ వేసుకుని ఉదయగిరి వచ్చాడు. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా నన్ను వెనక ఎక్కించుకుని, కొండ కింద మనుషులు లేనిచోట ఆపాడు. జేబులోంచి చించేసిన చీటీలు తీసి చూపించాడు. మొత్తం ఏడు. నవ్వనని మాటిస్తే ఒకటి చెప్తానన్నాడు. మాటిచ్చాను.

"రేయ్ శీనయ్యా, నేను చార్మినారు చూడలా. గోల్కొండ చూడలా. ఏదీ చూడలా. బస్టాండు చూసినా, దాంట్లో మా రెస్టు రూము చూసినా. అంతే."

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం నావల్ల కాలేదు. కడుపు పట్టుకుని నవ్వాను. మరి ఆ చీటీలేంది బావా, కామయ్య బోటేంది అని అడిగితే అసలు గుట్టు చెప్పాడు. సాయంత్రం బండి కదిలేముందు అరగంటసేపు ఆయన డోరు పక్కన నిలబడేవాడట. తిరుగు ప్రయాణానికి ఎక్కే జనం సామాన్లు సర్దుకుంటూ ఆ రోజు ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళు. ఎవరి కాళ్ళు ఎక్కడ పీకాయో, ఎవరి పిల్లవాడు దేన్ని చూసి ఏడ్చాడో, ఎవరికి ఏ గేటు మూసి ఉందో అన్నీ ఆయన చెవిలో పడేవి. పదకొండేళ్ళు అట్లా విన్నాడు. వినే కట్టుకున్నాడు ఆ ఊరంతా. ఒకరి కాళ్ళ నొప్పి ఇంకొకరికి రాకుండా చూశాడు కాబట్టి ఆలోచిస్తే అది మోసం కూడా కాదు. కానీ ఆ మాట నేను ఆయనతో అనలేదు, అంత మంచివాణ్ణి కాను.

పగలంతా ఖాళీయే కదా, ఒక్కసారన్నా ఎందుకు పోలేదని మాత్రం అడిగాను. ఆయన కొండవైపు చూస్తూ "తీరలా" అన్నాడు. అందులో ఇంకేదో ఉందని నాకు తెలిసింది. కానీ బావ ముఖం అట్లా పెట్టినప్పుడు నేను కూడా కదపను.

"మీ అక్క అందరికీ హామీ ఇచ్చుండాది. ఇప్పుడు నేను చూడలేదని తెలిస్తే చర్చిలో తల ఎట్టా ఎత్తుకుంటది?" అన్నాడు. ఆయన భయం తన పరువు గురించి కాదు. అందుకే నవ్వు ఆపేశాను.

చివరికి ఒప్పందం కుదిరింది. నేనూ వెంట పోవాలి. సోషలు సారుని కాబట్టి చరిత్ర నేను చెప్పాలి, దారి ఆయన చూసుకుంటాడు. ఫోనులో మ్యాపు మాత్రం అక్క ముందు తీయకూడదు. పదకొండేళ్ళు వచ్చిన డ్రైవరు ఫోను చూసి నడిస్తే గుట్టు అక్కడే బయటపడుతుంది. ఆయనకి నచ్చిన చోటుగా చార్మినారు ఖాయం చేసుకున్నాం. అది ఎవరికైనా నచ్చుతుంది కాబట్టి అనుమానం రాదని మా ఇద్దరి తెలివి. నేను మూడు రోజులు సెలవు పెట్టాను.

హైదరాబాదు బస్టాండులో దిగి, ముఖాలు కడుక్కుని, ఇడ్లీలు తిని ఏడున్నరకి బయల్దేరాం. బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచాడు. నడిచి నడిచి, బస్సులు బయటికి పోయే గేటులోంచి మమ్మల్ని తీసుకుపోయాడు. మనుషులు పోయే దారి ఇంకోటి ఉంటుందని ఆ క్షణంలో తట్టనే లేదని తర్వాత చెప్పాడు. ఆయన కాళ్ళకి ఆ ఊళ్ళో తెలిసిన రోడ్డు అదొక్కటే, ఇంటికి పోయే రోడ్డు.

దారి పొడవునా ఆయన వర్ణన సాగింది. ఈ సిగ్నలు పడితే ఒక పాట మొత్తం పాడుకోవచ్చన్నాడు. ఇక్కడ మలుపు తిప్పేటప్పుడు ఎడమ అద్దం మీదే కన్నుండాలన్నాడు. మెట్రో స్తంభాలు చూపించి, ఇవి నిలబెట్టిన రోజుల్లో తను పడిన పాట్లు చెప్పాడు. ఏ గుంత ఏ సంవత్సరంలో పూడ్చారో కూడా చెప్పాడు. అక్క నోరు తెరుచుకుని వింటూ, చూసినావా అన్నట్టు నావైపు తిరిగేది. ఒకచోట నేను కుడిచేతి పక్క సందు చూపించి, ఇటు పోతే ఏమవుతుంది బావా అన్నాను. ఆయన ఏమాత్రం తడుముకోకుండా "దాంట్లో బండి పట్టదు" అన్నాడు. మేము ముగ్గురం నడిచి పోతున్నాం.

నిజం చెప్పేస్తాను. బస్టాండులో మూత్రానికి పోయినప్పుడే నేను మ్యాపు చూశాను. చార్మినారు అటుంటే మేము ఇటు పోతున్నాం. చెప్పాలా వద్దా అని చాదర్‌ఘాట్ దాకా ఆలోచించాను. మలక్‌పేట వచ్చినా ఆలోచన తెగలేదు. బావ ఆ స్తంభాల గురించి అంత ఆనందంగా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు, పైగా ఎక్కడిదాకా పోతాడో చూద్దామని కూడా ఉంది. నాది కొంచెం చెడ్డ బుద్ధే.

గంట దాటాక అక్క మోకాలు మొరాయించింది. ఒక అంగడి మెట్టు మీద కూర్చుని, పక్కన బండి మీద అరటిపళ్ళు అమ్ముకుంటున్న ఆమెని అడిగింది, చార్మినారు ఇంకెంత దూరమమ్మా అని. ఆమె మమ్మల్ని ముగ్గుర్నీ కిందికీ పైకీ చూసింది.

"చార్మినారు వెనక్కి పోవాలమ్మా. ఇట్ల పోతే విజయవాడ వస్తది" అంది.

అక్క బావ వైపు చూసింది. బావ సిగ్నలు వైపు చూశాడు. నేను అరటిపళ్ళు బేరమాడాను.

పక్కనే టీ హోటలుంటే లోపలికి వెళ్ళి కూర్చున్నాం. టీలు వచ్చాక అక్క మొదలుపెట్టింది. ఆమెకి కోపమొస్తే మీరు నుంచి నువ్వుకి దిగుతుంది.

"నువ్వు చార్మినారుకి ఎన్నిసార్లు పోయినావు?"

"పోలా."

"ఒక్కసారి గూడా?"

"ఒక్కసారి గూడా పోలా."

ఆ తర్వాత అక్క ఒక్కొక్కటే బయటికి తీసింది. చార్మినారు దగ్గర కొన్నానని తెచ్చిన గాజులు ఎక్కడివి. బస్టాండులో అమ్ముతారన్నాడు. వీధి చివర ముసలాయన కొట్లో కొన్న అత్తరు ఎక్కడిది. అదీ బస్టాండే. మరి ఆ ముసలాయన ఎవరు. ముసలాయన లేడన్నాడు. నాకు నవ్వు పొంగుకొచ్చి టీ పొలమారింది. అక్క చూసిన చూపుకి మిగిలిన టీ బుద్ధిగా తాగేశాను.

"చూడలేదంటే నేనేమన్నా అనేదాన్నా?" అంది అక్క. "నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

బావ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత చెప్పాడు. ఆ రూటు ఎక్కిన మొదటి నెలలో ఒక పగలు చిన్నాయన కొడుకు వచ్చి, పండుకున్నది చాల్లే పదమని దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయాడట. చీరల అంగళ్ళు తిరిగి, భోజనం చేసి, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ సాయంత్రం దాకా గడిపారు. ఆ రాత్రి మామూలుగానే బండి తీశాడు. తెల్లవారుజామున కనిగిరి దాటాక, ఏమీ తెలియకుండానే కన్ను మూతపడింది. ఎడమ చక్రాలు మట్టిలోకి దిగి గరగరమంటే కన్ను తెరిచాడు, స్టీరింగు తిప్పి రోడ్డెక్కాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కండక్టరు కూడా లేవలేదు.

"ఒక్క రెప్పపాటు. అద్దంలో చూసినా. అందురూ తలలు వాల్చి నిద్రపోతా ఉండారు. నా మీద నమ్మకంతో గదా పండుకున్నారు అనిపించింది" అన్నాడు బావ. "ఆ పొద్దు నుంచి రెస్టు రూము దాటలా. దిగినాను, తిన్నాను, పండుకున్నాను. ఊరు చూడకపోతే ఏమైద్ది. నీకు చెప్తే నువ్వు ప్రతి రాత్రీ మేలుకోని కూర్చుంటావని చెప్పలా."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, లేచి ఆటో పిలవమని నాకు చెప్పింది. చార్మినారుకేనా అన్నాను. కాదంది. ముందు ఆ రెస్టు రూము చూడాలంది.

మళ్ళీ బస్టాండుకే వచ్చాం. అక్కడున్న వాచ్‌మన్ బావని గుర్తుపట్టి పొంగిపోయాడు కానీ ఆడవాళ్ళు లోపలికి రాకూడదన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తానంది అక్క. పెద్ద గది. వరసగా ఇనప మంచాలు, గోడకి తగిలించిన ఖాకీ చొక్కాలు, పైన తిరుగుతున్న ఫ్యానులు. ముగ్గురో నలుగురో తువ్వాలు ముఖాన కప్పుకుని పడుకుని ఉన్నారు. మీది ఏ మంచమని అడిగితే, బావ కిటికీ పక్కది చూపించాడు.

"ఆ కిటికీలోంచి చార్మినారు కనపడతాదా?" అంది.

"కనపడదు. చూసినా" అన్నాడు బావ.

వెనక నేను గట్టిగా దగ్గాను. అక్క చటుక్కున తిరిగి, మెల్లిగా ఉండరా, రాత్రికి బండి తోలాల్సినోళ్ళు అని నన్ను మందలించి, ఇద్దర్నీ మెట్లు దిగమంది.

మధ్యాహ్నం చార్మినారు చూశాం. నేను నేర్చుకున్న చరిత్ర అంతా చెబుదామని గొంతు సవరించుకున్నాను కానీ వినేవాళ్ళు లేరు. బావ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ, ఇంత ఉంటదనుకోలేదబ్బా అని నాలుగుసార్లన్నాడు. ఆయన నాకంటే పెద్దవాడని ఆ పూట గుర్తు రాలేదు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని, నేను లేకుండా చూడకపోవడమే మంచిదైంది అంది. సాయంత్రం దాకా ముగ్గురం దారి అడుక్కుంటూ తిరిగాం, నాలుగుసార్లు తప్పిపోయాం. అంత హాయిగా నేను ఏ ఊళ్ళోనూ తిరగలేదు.

తిరుగు ప్రయాణంలో బావకి మళ్ళీ బెంగ పట్టుకుంది. ఆదివారం చర్చిలో అందరూ అడుగుతారు, ఏం చెప్తావంటే అక్క ఉన్నదున్నట్టు చెప్తానంది. ఆ వారమంతా ఆయనకి అన్నం సహించలేదు. నాకు రోజూ ఫోను చేసి, మీ అక్కకి నువ్వన్నా చెప్పరా అనేవాడు. మా అక్కకి ఒకళ్ళు చెప్పడం ఎప్పుడైనా జరిగిందా?

ఆదివారం నేనూ ఆత్మకూరు పోయాను. పాటలయ్యాక పాస్టరుగారు ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని అడిగారు. ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు లేచి చెప్పుకోవడం మా చర్చిలో ప్రతివారం ఉండేదే. ఆడవాళ్ళ వైపునుంచి అక్క లేచింది. నా పక్కన బావ తల దించుకుని బైబిలు అట్టని గట్టిగా పట్టుకున్నాడు.

"మా ఆయన పదకొండేళ్ళు హైదరాబాదు పోయి వచ్చినాడు, ఊరంతా చూసినాడని మీ అందురికీ చెప్పినాను. అది తప్పు, నన్ను మన్నించండి" అంది అక్క. "ఆయన ఆ ఊర్లో ఒక్కటి గూడా చూడలా. పగలు తిరిగితే రాత్రి బండి కాడ కన్ను మూతపడతాదని, పదకొండేళ్ళూ ఒక గదిలో పండుకోని లేచి వచ్చినాడు. నాకు మొన్ననే తెలిసింది. అందుకు దేవుడికి స్తోత్రం."

చెప్పి కూర్చుంది. ఆ చర్చిలో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఏదో ఒక రాత్రి మా బావ బండిలో నిద్రపోయి, పొద్దున క్షేమంగా ఇంటిదగ్గర దిగినవాళ్ళే.